మా బావిని వాసన చూసిన మనిషి

ఆవిడ పోయిందన్న కబురు గుడివాడ నుంచి వచ్చిన ఒక బియ్యం వ్యాపారి చెప్పాడు. అప్పుడు నేను పెనం దగ్గర పెసరట్టు తిరగేస్తున్నాను. అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత జరిగింది చెబితే మీరు నన్ను మనిషి కింద జమకట్టరు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. మా ఆవిడ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో పాపం అనాల్సింది పోయి ఆ ఇకిలింపేంటండీ? పోయిన మనిషిని తలుచుకుని ఎవరైనా నవ్వుతారా?"

"పెద్దాఫీసరు చొక్కా గుర్తొచ్చిందే" అన్నాను.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని బియ్యం వ్యాపారి కంగారుపడ్డాడు. ఏడుపు కాదది. పాపం, ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మాడిపోయిన పెసరట్టు మారు మాట్లాడకుండా తినేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ పేరు రాయను. పేరుతో మేమెవరం పిలవలేదు కూడా. ఎదురుగా ఉంటే మేడమ్ గారు, పక్కకి వెళ్తే ముక్కు మేడమ్. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఒకసారి బస్సులోంచి ఎవరో "ముక్కు మేడమ్ గారి బంకు దగ్గర ఆపండి" అని కండక్టరుకి చెబుతుంటే విని, "చూశారా అన్నయ్యగారూ, నా పేరున స్టాపు కూడా పెట్టేశారు" అని మురిసిపోయింది.

మాది చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్ళే రోడ్డు పక్కన కాఫీ హోటలు. మా నాన్న పెట్టాడు, నేను నడుపుతున్నాను. మా వైపు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక పెరట్లో తీపి నీళ్ళు పడతాయి, పక్క పెరట్లో తవ్వితే ఉప్పు కషాయం. మా పెరట్లో బావి కొబ్బరినీళ్ళతో పోటీ పడేది. మా కాఫీకి పేరొచ్చింది నా చేతి గొప్పతనం వల్ల కాదు, ఆ బావి వల్ల. ఆర్టీసీ డ్రైవర్లు చల్లపల్లిలో తాగాల్సిన కాఫీ కూడా అట్టే పెట్టుకుని మా దగ్గరికొచ్చి తాగేవాళ్ళు. పెళ్ళివారు వంటలకి బిందెలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చేవాళ్ళు. మా అమ్మ బావి చప్టా మీద కుర్చీ వేసుకుని కూర్చుని, ఏదో తన చేతుల్తో తయారుచేసిన పదార్థంలాగా "తీసుకెళ్ళండమ్మా, తీసుకెళ్ళండి" అనేది.

హోటలుకి ఆనుకుని ఒక పెట్రోలు బంకు ఉండేది. రెండువేల సంవత్సరం ఇంకా రాకముందే అది మూతపడింది. ఓనరు విజయవాడ వెళ్ళిపోయాడు, పంపులు పీకి పట్టుకుపోయారు. భూమిలో పాతిన ట్యాంకుల్ని మాత్రం అలాగే వదిలేశారు. మూసేసిన బంకు కింద ఏముందో ఎవడు చూడొచ్చాడు?

కొన్నాళ్ళకి కాఫీలో ఏదో తేడా వచ్చింది. ముందు పాలవాడితో దెబ్బలాడాను. వాడు వేరే హోటలు చూసుకున్నాడు. కాఫీపొడి మార్చాను. గిన్నెలు కాల్చి తోమించాను. ఒకరోజు ఒక డ్రైవరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏం బాబాయ్, డికాక్షన్ మా బండి ట్యాంకులోంచి తీస్తున్నావా?" అన్నాడు. హోటలంతా ఘొల్లుమంది. నేను బావి దగ్గరికి వెళ్ళి చేద తోడి చూద్దును కదా, నీళ్ళ మీద నెమలి రంగులు.

బందరు వెళ్ళి ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. తిరగ్గా తిరగ్గా ఆ పెట్రోలు కంపెనీ వాళ్ళు శుభ్రం చెయ్యడానికి ఒక కాంట్రాక్టు సంస్థకి అప్పగించారు. ఆ సంస్థ పంపించిన మనిషే మా మేడమ్ గారు. గుడివాడలో ఇల్లు. అక్కడనుంచి లూనా మీద పామర్రు, చల్లపల్లి దాటుకుంటూ వచ్చేది. పొడుగు తక్కువ, గొంతు ఎక్కువ. నేత చీర, కింద కాన్వాస్ బూట్లు, తలలో కనకాంబరాలు. మా ఆవిడ మల్లెపూలు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "వద్దు వదినా, మల్లెలు పెట్టుకుంటే నాకు భూమంతా మల్లెల వాసనే వచ్చుద్ది. కనకాంబరాలకి వాసనుండదు, నా ఉద్యోగానికి అవే పువ్వులు."

మొదటిరోజు మర్యాదకి కాఫీ పట్టుకెళ్ళాను. పక్క ఊరి నుంచి తెచ్చిన నీళ్ళతో కాచిన కాఫీయే అనుకోండి, అయినా కాఫీ కాఫీయేగా! "కాఫీ తాగితే గంటసేపు ముక్కు పనిచెయ్యదండీ, మజ్జిగుంటే ఇప్పించండి" అంది. కాఫీ హోటలువాడి మొహం మీద అనాల్సిన మాటేనా అది? నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ పట్టించుకోలేదు. చేద వేసి నీళ్ళు తోడి, ఒక సీసాలో సగం దాకా పోసి, మూత బిగించి, పసిపిల్లకి గిలక్కాయ ఆడించినట్టు చెవి పక్కన ఆడించింది. మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. మొహం వెలిగిపోయింది.

"పెట్రోలేనండీ! డీజిల్ కలవలేదు. అబ్బ, బాగా దొరికింది."

"దొరికిందేంటండీ, ఇక్కడ మా కొంప మునిగిపోతుంటే?"

"మునగదు అన్నయ్యగారూ. పెట్రోలు ఎక్కడైనా నీళ్ళమీద తేలుద్ది. మనకున్న అదృష్టమల్లా అదే."

అప్పుడు మా అమ్మని పిలిచి, హోటల్లో కాగుతున్న పాలగిన్నె చూపించి చెప్పింది. మా నేల అడుగున సముద్రపు ఉప్పునీళ్ళు ఉన్నాయట. వానలూ కాలవలూ ఇచ్చిన తీపి నీళ్ళు దానిమీద పల్చగా, పాల మీద మీగడలాగా నిలబడ్డాయట. బంకు ట్యాంకు తుప్పుపట్టి చిల్లులుపడి, ఆ మీగడ మీదకి పెట్రోలు చేరిందట. "మీగడ చెదరకుండా పైనున్నది తియ్యాలి పిన్నిగారూ. గబగబా తోడారో, పక్కనున్న పెట్రోలు మొత్తం బావిలోకి వచ్చుద్ది, అడుగునుంచి ఉప్పెక్కుద్ది. ఎవరూ చేద వెయ్యొద్దు."

"పాలమీద మీగడ తియ్యడం నాకు చెప్పాలా అమ్మాయ్" అంది మా అమ్మ. ఆ మాట విని నేను నిశ్చింతగా ఉన్నాను. నా బుద్ధి తక్కువ.

పని మొదలైంది. క్రేను తెచ్చి ట్యాంకులు పైకి తీశారు. ఒకదానికి జల్లెడలాగా చిల్లులు. బంకు ఆవరణ నిండా భూమిలోకి సన్నటి గొట్టాలు దించారు. ఒక చిన్న పంపు పైపొరని గుటకలు వేస్తున్నట్టు కొంచెం కొంచెంగా లాగేది. ఆ వచ్చిన దాంట్లోంచి పెట్రోలు విడదీసి, నీళ్ళని బొగ్గు పోసిన పీపాల్లోంచి పంపేవాళ్ళు. ఇంకో మిషను భూమిలోకి గాలి కొట్టేది. అది పగలూ రాత్రీ గుర్రుమంటూ ఉంటే ఊళ్ళోవాళ్ళు బంకు గురక పెడుతోందనేవాళ్ళు.

గాలి ఎందుకని అడిగితే, మట్టిలో కంటికి కనబడని పురుగులుంటాయనీ, వాటికి పెట్రోలంటే ప్రాణమనీ, గాలి ఆడితే హాయిగా తింటాయనీ చెప్పింది. కొన్ని గొట్టాల్లోకి చిటికెడు యూరియా కలిపిన నీళ్ళు కూడా వదిలేది. పొలం గట్టుమీద పుట్టి పెరిగిన మా ఊరివాళ్ళకి ఇదో వింత. సాయంత్రం కాలవగట్టు నుంచి వచ్చే రైతులు బంకు దగ్గర ఆగి, "ఏం మేడమ్ గారూ, పురుగుల పైరెట్టా ఉంది?" అని అడిగేవాళ్ళు. "దుబ్బు కట్టిందండీ, ఇంకో కోటా యూరియా పడాలి" అని ఆవిడ అంతే గంభీరంగా జవాబు చెప్పేది. పురుగుమందు కొట్టి కొట్టి చేతులు కాయలు కాసిన ఒక పెద్దాయన, "జీవితంలో మొదటిసారి పురుగుకి మేత వేసే మనిషిని చూశానమ్మా" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

గొట్టాలకి నెంబర్లుండేవి. ఆవిడ మాత్రం చుట్టాల పేర్లు పెట్టింది. అన్నింటికన్నా ఎక్కువ వాసన కొట్టేది, ఎంత లాగినా తగ్గనిది వాళ్ళత్తగారు. ఇవాళ తగ్గి రేపు మళ్ళీ లేచేది తోడికోడలు. ఎప్పుడూ ఒకేలా, ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది వాళ్ళాయన. పొద్దున్నే సీసాలు ఆడించి, వాసన చూసి, మా పెరట్లోకి కేక వేసేది. "వదినా! ఇవాళ మా అత్తగారు కొంచెం మెత్తబడింది!" మా ఆవిడ లోపల్నుంచి "మా అత్తగారింకా మెత్తబడలేదు మేడమ్ గారూ!" అనేది. పక్కనే కూర్చున్న మా అమ్మ వినబడనట్టు విసనకర్ర ఊపుకునేది.

వాసన చూడటం పూర్తయ్యేదాకా మజ్జిగా మంచినీళ్ళూ తప్ప ఏమీ ముట్టేది కాదు. ఆ పని అయ్యిందంటే మాత్రం ముక్కుకి సెలవు, నోటికి డ్యూటీ. పెసరట్టులో ఉల్లిపాయలు కనబడకుండా అల్లం పచ్చడి పరిచి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఆనందంగా తినేది. దేనికైనా ఆవిడకి ఒకటే మాట: తొందరపడితే ఉప్పెక్కుద్ది. ఇడ్లీ పిండి పులవలేదని నేను విసుక్కుంటే అదే మాట. బస్సు రాలేదని ఎవరైనా చిందులు తొక్కితే అదే మాట. మా వీధిలో ఒకాయన కూతురి సంబంధం గురించి ఆవేశపడుతుంటే, ముక్కూమొహం తెలియని ఆయన దగ్గరికి వెళ్ళి మరీ ఆ మాట చెప్పి వచ్చింది. ఆయన ఏం అర్థం చేసుకున్నాడో గానీ సంబంధం మాత్రం ఖాయమైంది.

ఆఫీసరు చొక్కా సంగతి చెప్పకుండా ఎలా? హైదరాబాదు నుంచి కంపెనీ పెద్దాఫీసరు వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత తగిలితే వేలు తెగుతుంది. ఈవిడ ఆయన ఎదురుగా నిలబడి, సీసా ఆడించి, మూత తీసి, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ వంటగదిలో ఎండుమిరపకాయల తాలింపు వేసింది. ఆ ఘాటు గోడ దాటింది. మేడమ్ గారు తుమ్మింది. అది తుమ్మా, పిడుగా! సీసాలో నీళ్ళన్నీ ఆఫీసరు చొక్కా మీదున్నాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, చాలా వినయంగా, "సర్, రిపోర్టు రాసే పని తప్పింది. దారి పొడుగునా మీరే వాసన చూసుకోవచ్చు" అంది. ఆయన ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత నవ్వేశాడు. ఆయన నవ్వకపోయుంటే ఆవిడ ఉద్యోగం ఊడేది. ఆ తర్వాత ఆ సంగతి చెప్పి ఆవిడే అందరికన్నా ఎక్కువ నవ్వేది.

అలా ఏడాది దాటింది. బావిలో నీళ్ళమీద రంగులు పోయాయి. వాసన మిగిలింది, అదీ సన్నగా. నా హోటలు మాత్రం అప్పటికి కొనఊపిరితో ఉంది. నీళ్ళు రిక్షాలో డ్రమ్ములతో తెచ్చుకునేవాణ్ణి. ఆ కాఫీ తాగి డ్రైవర్లు మొహమాటానికి తలూపేవాళ్ళు, మర్నాడు ఆగేవాళ్ళు కాదు. గుడివాడలో మా బావమరిదికి పెద్ద హోటలుంది. వచ్చి కౌంటరు దగ్గర కూర్చోమని వాడు ఎప్పటినుంచో అంటున్నాడు. మంచివాడే. కానీ నా చేత్తో నేను వెలిగించుకునే పొయ్యి వదిలేసి, బావమరిది గల్లాపెట్టె దగ్గర జీతానికి కూర్చోవడమంటే నాకు చచ్చేంత చిన్నతనం. బావి బాగుపడితే ఇక్కడ, లేకపోతే అక్కడ. అంతే నా బతుకు.

ఎండాకాలం వచ్చింది. మేడమ్ గారు వాళ్ళ ఇంట్లో ఏదో పెళ్ళని కొద్దిరోజులు సెలవు పెట్టింది. నేను పనిమీద బందరు వెళ్ళాను. తిరిగొచ్చి బస్సు దిగేసరికి మా ఇంటివైపు నుంచి ఆయిలింజను చప్పుడు. రోడ్డు పక్క మురుక్కాలవలో నీళ్ళు పరవళ్ళు తొక్కుతున్నాయి. ఇంటివైపు పరిగెత్తాను.

మా వైపు ఒక అలవాటుంది. బావిలో కాకి పడినా, పిల్లి పడినా, ఎండాకాలం పూడిక తియ్యాల్సి వచ్చినా, బావి మొత్తం తోడించేస్తాం. అడుగు కనబడేదాకా తోడి, కాస్త సున్నం, కాస్త పసుపు వేస్తే, తెల్లారేసరికి కొత్త నీళ్ళు ఊరతాయి. తాతల నాటి నుంచి అంతే. మా అమ్మ కూడా అదే చేసింది. పక్కింటివాళ్ళ ఆయిలింజను అడిగి తెప్పించి, వీధిలో ఆడవాళ్ళందర్నీ పోగేసి, దగ్గరుండి బావి ఖాళీ చేయించింది. నేను వెళ్ళేసరికి చప్టా మీద నిలబడి, చేతిలో పసుపు పళ్ళెంతో, యుద్ధం గెలిచిన మనిషిలా ఉంది.

"ఆ అమ్మాయి పాపం గుటక గుటక లాగుతోంది. ఉన్న కాస్త వాసనా ఒకేసారి పోతుందని తోడించాన్రా. ఆ అమ్మాయి వచ్చేసరికి శుభ్రంగా ఉండాలి" అంది.

తెల్లారేసరికి నీళ్ళు ఊరాయి. నోట్లో పోసుకుంటే ఉప్పు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు. నీళ్ళమీద నెమలి రంగులు మళ్ళీ వచ్చేశాయి. మా అమ్మ నీళ్ళని చూసి, నన్ను చూసి, వెళ్ళి పడుకుంది.

మేడమ్ గారు వచ్చింది. సీసా ఆడించక్కర్లేకుండానే తెలిసిపోయింది. చప్టా మీద కూర్చుని చాలాసేపు బావిలోకి చూసింది. వీధి వీధంతా తలుపుల వెనక నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాం, తిట్టాల్సిందే కూడా. ఆవిడ లేచి లోపలికెళ్ళి, ముసుగు తన్ని పడుకున్న మా అమ్మ మంచం పక్కన కూర్చుంది.

"పిన్నిగారూ, ఇంజను ఎంతసేపు నడిపించారు?"

"పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా" అంది మా అమ్మ ముసుగులోంచే.

"అబ్బో! అంత శ్రద్ధగా మా కూలీలు కూడా చెయ్యరండీ. మీకు ఉద్యోగం ఇవ్వాలి. ఇవాళ్టినుంచి ఆ బావికి మీరే వాచ్‌మన్. ఎవరు చేద వేసినా చెయ్యి విరగ్గొట్టండి. మీతో సహా."

ముసుగులోంచి ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, తర్వాత నవ్వు వినబడ్డాయి. నేనైతే నవ్వలేదు. మేడమ్ గారు బయటికొచ్చి, బంకు షెడ్డు వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఏడాది కష్టం ఆవిడది. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. ఎప్పుడూ చెప్పలేదు కూడా.

ఆ వారంలోనే హోటలు మూసేశాను. పొయ్యి ఆర్పి, బల్లలు గోడకి చేరేసి, తలుపుకి తాళం పెడుతుంటే ఆవిడ లూనా ఆపింది.

"ఏంటన్నయ్యగారూ?"

"గుడివాడ వెళ్తున్నానండీ. మా బావమరిది దగ్గరికి."

"గుడివాడా? గుడివాడ నుంచి నేను రోజూ ఇక్కడికి వస్తుంటే, ఇక్కడివాళ్ళు మీరు అక్కడికి పోతే ఎలాగండీ? కుదరదు."

"కుదరకపోవడానికి మీరెవరండీ?" అన్నాను కోపంగా. "మళ్ళీ మొదటికొచ్చిందిగా! ఇంకో ఏడాది ఏం తినాలి మేము, మీ పురుగులకి పెట్టే యూరియానా?"

ఆవిడకీ కోపమొచ్చింది. నేను చూసింది ఆ ఒక్కసారే. "నేనెవర్నా? అన్నయ్యా అని పిలిచినప్పుడు పలికారుగా! ఆడపడుచు మాట వినాలి. పెట్రోలు సంగతి నేను చూసుకుంటా. ఉప్పు సంగతి వానలు చూసుకుంటాయి. తొలకరి పడి, కాలవలు వదిలితే మీగడ మళ్ళీ కడుద్ది. పాలు ఉన్నచోట మీగడ కట్టకుండా ఎక్కడికి పోద్ది? మీరు పోతే మాత్రం, ఆ నీళ్ళు బాగుపడి ఎవరికండీ?" అని, నా జవాబు కోసం ఆగకుండా బంకులోకి వెళ్ళిపోయింది. నేను తాళంచెవి పట్టుకుని రోడ్డు మీద కాసేపు నిలబడ్డాను. ఆ రోజు గుడివాడ బస్సెక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. ఆ ఏడాదంతా బందరులో ఒక హాస్టల్లో వంటకి కుదిరి, సెలవు దొరికినప్పుడల్లా ఇంటికొచ్చి బావి చూసుకునేవాణ్ణి.

మా అమ్మ కాపలా సంగతి ఊళ్ళో కథలుగా చెప్పుకున్నారు. కర్ర పట్టుకుని చప్టా మీద కుర్చీ వేసుకుంది. వాన పడితే గొడుగు వేసుకుని కూర్చుంది. కాకి వచ్చి గిలక మీద వాలినా ఊరుకునేది కాదు. ఒకసారి కంపెనీ మనిషి కొత్తవాడు, నమూనా కోసం చేద వెయ్యబోయాడు. మేడమ్ గారు వచ్చి విడిపించేదాకా అతని కాలరు మా అమ్మ చేతిలోనే ఉంది.

కాలవలు వచ్చాయి. వానలు ఆ ఏడు దంచి కొట్టాయి. మేడమ్ గారి అత్తగారు లొంగింది, తోడికోడలు లొంగింది. బావి నీళ్ళలో ముందు ఉప్పు విరిగింది, తర్వాత వాసన విరిగింది. చివరికి ఒకరోజు ఆవిడ సీసా ఆడించి, వాసన చూసి, మళ్ళీ చూసి, సీసా మా ఆవిడ చేతిలో పెట్టి, "నువ్వు చూడు వదినా, నా ముక్కు నాకు అబద్ధం చెబుతోందేమో" అంది. విజయవాడ ల్యాబు వాళ్ళు కూడా నీళ్ళు తాగొచ్చని రాసిచ్చారు. గాలి మిషను ఆపేశారు. గురక లేక ఊరంతా ఎవరికీ నిద్రపట్టలేదంటే నమ్మండి.

మర్నాడు మా ఊళ్ళో ఆవిడ ఆఖరిరోజు. సామాను లారీలో వెళ్ళిపోయింది. తర్వాత ఆవిడ్ని కాకినాడ వైపు ఇంకో పనికి వేశారట, పండగలకి ఫోను చేసేది, ఆ గొంతు విని మా అమ్మ రిసీవరు చెవికి ఎడంగా పట్టుకునేది. కానీ మనిషిని మేము చూసింది ఆ రోజే ఆఖరు.

ఆ పొద్దున మా పెరట్లో వీధంతా ఉంది. బావిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ల్యాబు వాళ్ళ కాగితం చేతులు మారింది. అందరూ చదివారు, తలలూపారు. ఒక్కళ్ళు చేద ముట్టుకోలేదు. రెండేళ్ళు వద్దు వద్దని విన్న చెవులు, ఒక కాగితానికి నమ్ముతాయా? ఈ ఊరు తాగకపోతే నా కాఫీ ఎవరు తాగుతారు? పొయ్యి వెలిగించి ఏం లాభం?

"ముందు మీరు తాగండి మేడమ్ గారూ" అన్నారెవరో.

"నేను తాగితే ఏముందండీ? జీతం తీసుకునేదాన్ని, తాగమంటే తాగనా?" అంది ఆవిడ. చేద వేసింది. గిలక కిర్రుమంది. నెమ్మదిగా తోడి, లూనాకి కట్టుకోవడానికి తెచ్చుకున్న ప్లాస్టిక్ కేను నింపడం మొదలుపెట్టింది.

"ఎక్కడికమ్మాయ్ ఆ నీళ్ళు?" అంది మా అమ్మ.

"మా ఇంటికి పిన్నిగారూ. మా అత్తగారికి. మంచాన ఉంది కదా, ఊళ్ళో పంపు నీళ్ళు ఒంటికి పడటంలేదు. రెండేళ్ళనుంచి ఎవరికోసమో వాసన చూస్తున్నావు, ఇంటికేం తెచ్చావని సాధిస్తోంది. రేపటినుంచి ఆవిడ తాగేది ఇవే, ఆవిడ జావ కాచేదీ వీటితోనే."

అందరూ కేను వంక చూశారు. మంచానున్న అత్తగారికి! నిజంగా అత్తగారి కోసమే పట్టిందో, మా కోసం పట్టిందో, నాకీ రోజుకీ తెలీదు.

మా అమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఏంటీ? మా బావి నీళ్ళు ముందు గుడివాడ వాళ్ళు తాగుతారా? ఎండా వానా చూడకుండా కాపలా కాసింది నేను. మేమేం చచ్చామా?"

అంటూనే చెంబు పట్టుకుని, మేడమ్ గారి చేతిలో కేను లాక్కుని, చెంబు నిండా వంపుకుంది. తలెత్తి, గటగటా ఎత్తి పోసుకుంది. గొంతు కదలడం తప్ప పెరట్లో ఇంకేమీ కదల్లేదు. చెంబు ఖాళీ అయింది. మా అమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, ఊరివైపు కాదు, మేడమ్ గారి వైపు కాదు, నావైపు చూసింది.

"ఏరా, గుడ్లప్పగించి నిలబడ్డావేంటి? పొయ్యి వెలిగించు!"

ఇక ఆ గోల చెప్పలేను. బిందెలు, చెంబులు, క్యారేజీలు, ఎవరికి ఏది దొరికితే అది. నేనే తోడతానని మా అమ్మ తోడుతోంది, మెల్లగా మెల్లగా అని మేడమ్ గారు అరుస్తోంది, మా ఆవిడ నవ్వుతూ ఏడుస్తోంది. నేను లోపలికి పరిగెత్తాను. తలుపు తాళం తీశాను, పొయ్యిలో మంట పెట్టాను, పాలు పెట్టాను. ఎవరెవరో బల్లలు దించి కూర్చున్నారు. డికాక్షన్ దిగుతుంటే వచ్చిన ఆ వాసనకి నా కళ్ళు చెమర్చాయి.

బయట లూనా స్టార్టయిన చప్పుడు వినబడింది. "అన్నయ్యగారూ, వెళ్ళొస్తా!" అన్న గొంతు వినబడింది. "ఉండండుండండి, వస్తున్నా!" అని లోపలినుంచే అరిచాను. సరిగ్గా అప్పుడే పాలు పొంగుకొచ్చాయి. పాలు దించి, చేతులు తుడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చేసరికి ఆవిడ లేదు. కేను లోంచి తొణికిన నీళ్ళ చుక్కలు చల్లపల్లి వైపు కొంతదూరం వరసగా ఉన్నాయి. చూస్తుండగానే ఎండకి ఒక్కొక్కటీ ఆరిపోతున్నాయి.

"బాబాయ్, ఇక్కడ కాఫీ!" అని లోపల్నుంచి ఎవరో కేకేశారు. లోపలికి వెళ్ళాను.